మొదటి బెంచీకి మార్చే ముందు ఒక్కో కన్నూ మూసి చూడండి

ప్రాథమిక పాఠశాలల టీచర్లకు, హెడ్మాస్టర్లకు, అంగన్‌వాడీ టీచర్లకు,

నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌను. నాకు ఇద్దరు పిల్లలు. ఈ ఉత్తరం చూపు సరిగ్గా లేని మా చిన్నదాని ఎడమ కన్ను గురించి. అలాంటి కన్ను మీ బడిలో కూడా ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది, ఆ సంగతి మీకూ తెలియదు, వాళ్ళ అమ్మానాన్నలకూ తెలియదు, ఆ పిల్లకు అసలే తెలియదు. అందుకే మీకు రాస్తున్నాను.

2023 వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లో కండ్లకలక ఎలా పాకిందో గుర్తుండే ఉంటుంది. మా చిన్నదానికీ వచ్చింది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ముందు కుడి కంటికే వచ్చింది. పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అంటుకుపోయి ఉంటే, గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి తుడిచి, ఆ కన్ను అలాగే మూసుకుని ఉండమని చెప్పి, ఏడవకుండా ఉంటుందని టీవీ పెట్టాను. అది మంచం దిగి వెళ్ళి టీవీకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడింది. వెనక్కి రామ్మా అంటే, కనబడట్లేదు అంది. ఎడమ కన్ను బాగానే ఉందిగా, దాంతో చూడు అన్నాను.

"ఇది తోడు కన్నేగా అమ్మా. చూసే కన్ను మూసేస్తే ఎట్లా కనబడుద్ది?" అంది.

అందరికీ ఒకటి చూసే కన్ను, ఇంకోటి తోడు కన్ను ఉంటాయనుకుంది అది. పుట్టినప్పటి నుంచీ దానికి అంతే కాబట్టి, అలా కాదని ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఎనిమిదేళ్ళూ అలాగే అనుకుంటూ బతికింది. నేను కన్నతల్లిని, రోజూ దానికి జడ వేస్తాను, కాటుక పెడతాను, నాకు తెలియలేదు.

కండ్లకలక తగ్గాక కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కుడి కన్ను 6/6. ఎడమ కంటితో పైనున్న పెద్ద అక్షరం, దాని కింద వరుస, అంతే. 6/36 అని రాశారు. అంటే మామూలు చూపున్న మనిషి 36 మీటర్ల దూరం నుంచి పోల్చుకునే అక్షరాన్ని ఇది 6 మీటర్ల దగ్గరకొస్తే గానీ పోల్చుకోలేదు. కంట్లో చుక్కలు వేసి మళ్ళీ చూస్తే కుడి కంటికి ప్లస్ ముప్పావు, ఎడమ కంటికి ప్లస్ ఐదున్నర పవర్ ఉందన్నారు. పోనీలే, అద్దాలు పెడితే సరిపోతుందిగా అనుకున్నాను నేను. అద్దం పెట్టి చూపించినా ఇంకొక్క వరుస దిగిందంతే, 6/24 దగ్గర ఆగిపోయింది.

అప్పుడు డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పిన మాటలు మీకూ చెప్పాలి, ఎందుకంటే ఇది కంటి జబ్బని మనం అనుకుంటాం, నిజానికి సమస్య ముదిరేది మెదడులో. పుట్టిన పిల్లకు కళ్ళుంటాయి గానీ చూడటం రాదు, నడక నేర్చినట్టే మెదడు చూడటం నేర్చుకోవాలి, ఆ నేర్చుకోవడం చాలావరకు ఏడెనిమిదేళ్ళలోపే జరుగుతుంది. ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ, ఇంకో కంటి నుంచి మసక బొమ్మ వస్తుంటే మెదడు మసకగా ఉన్నదాన్ని పక్కన పెట్టేస్తుంది. ఏళ్ళ తరబడి పక్కన పెట్టేసిన కన్ను, తర్వాత ఎంత మంచి అద్దం పెట్టినా, సరిగ్గా చూడలేదు. దీన్ని ఆంబ్లియోపియా అంటారు, జనం వాడుకలో లేజీ ఐ. ఆ పేరు నాకు నచ్చదు, ఆ కంటికేం బద్ధకం లేదు, దానికి పని ఇవ్వలేదంతే. హ్యూబెల్, వీజల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల మీద ప్రయోగాలు చేసి ఇదే చూపించారట. పుట్టిన తొలి నెలల్లో ఒక కన్ను మూసేసి ఉంచి తర్వాత తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడు దాని మాట వినడం మానేసింది. వాళ్ళకు 1981లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఇది ఉంటుందని కంటి డాక్టర్లు చెబుతారు. మీ బడిలో వందమంది ఉంటే లెక్క మీరే చూసుకోండి.

ఇప్పుడు బడి సంగతికి వస్తాను. మా అమ్మాయికి బడిలో రెండుసార్లు కళ్ళు చూశారు. గోడకు చార్టు పెట్టి, వరుసలో నిలబెట్టి చదవమన్నారు. రెండు కళ్ళూ తెరిచే చదివింది, అన్నీ గడగడా చదివేసింది, హెల్త్ కార్డులో నార్మల్ అని రాసి పంపారు. ఆ కార్డు ఇంకా మా బీరువాలో ఉంది. చూసినవాళ్ళను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఆ పిల్ల చూపు నిజంగానే నార్మల్, ఎందుకంటే మంచి కన్ను మొత్తం పనంతా చేసేస్తుంది. అందుకే ఇది దొరకదు. మా పెద్దవాడికి మైనస్ సైట్ వచ్చినప్పుడు నెల రోజుల్లో తెలిసిపోయింది, బోర్డు కనబడక పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకునేవాడు, కళ్ళు చికిలించేవాడు, తలనొప్పి అనేవాడు. దూరం కనబడని పిల్లాడు ఏదో ఒకలా బయటపడతాడు. ఒక కన్నే కనబడని పిల్ల బయటపడదు. చదువుతుంది, మంచి మార్కులు తెచ్చుకుంటుంది, ఫిర్యాదు చేయదు.

పెద్దవాడి విషయంలో ఇంకోటి జరిగింది. బోర్డు కనబడట్లేదంటే వాళ్ళ టీచరు మంచి మనసుతోనే మొదటి బెంచీకి మార్చారు. మార్చాక కనబడింది. కనబడింది కాబట్టి ఇంట్లో చెప్పాల్సిన అవసరం ఎవరికీ అనిపించలేదు. తర్వాతి సంవత్సరం కొత్త టీచరు వచ్చి ఎత్తు ప్రకారం కూర్చోబెడితే గానీ సంగతి మళ్ళీ పైకి రాలేదు, ఈలోపు పవర్ పెరిగింది. టీచర్ గారూ, మొదటి బెంచీకి మార్చడం తప్పు కాదు, మార్చిన రోజే ఆ పిల్లాడి డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి, కళ్ళు చూపించండి అని.

నేను అడిగేది పెద్ద పని కాదు. మీ మీద ఎన్ని పనులున్నాయో నాకు తెలుసు, మా చెల్లెలు కూడా టీచరే, హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోటోలు అప్‌లోడ్ చేయడాలు, ఎన్నికల డ్యూటీ, అన్నీ చూస్తూనే ఉన్నాను. దీనికి పిల్లకు రెండు నిమిషాలు చాలు. ఇంగ్లిష్ 'ఈ' అక్షరం పైకీ కిందకీ పక్కలకీ తిప్పి గీసిన చార్టు ఒకటి తీసుకోండి, అక్షరాలు రాని ఒకటో తరగతి పిల్లలు కూడా మూడు వేళ్ళు చాపి ఆ కాళ్ళు ఎటు ఉన్నాయో చూపించగలరు. చార్టు దొరక్కపోతే మీరే గీయవచ్చు. 6/9 వరుసలో అక్షరం ఎత్తు 13 మిల్లీమీటర్లు, మూడు అడ్డగీతలూ మధ్యలో రెండు ఖాళీలూ ఒకే మందంలో ఉండాలి. వరండాలో టేపుతో 6 మీటర్లు కొలిచి సుద్దతో గీత గీయండి. వెలుతురు చార్టు మీద పడాలి, పిల్లల కళ్ళలో పడకూడదు.

తర్వాతే అసలు సంగతి. ఒక కన్ను పూర్తిగా మూయాలి. పిల్లలు చేత్తో మూసుకుంటే వేళ్ళ సందుల్లోంచి చూస్తారు, మా అమ్మాయి కూడా ఆసుపత్రిలో అదే చేసింది, కావాలని కాదు, కనబడనప్పుడు తల దానంతట అదే పక్కకు తిరిగిపోతుంది. అరచేత్తో గట్టిగా నొక్కితే ఆ కన్ను కాసేపు మసకబారి, దాని వంతు వచ్చినప్పుడు తప్పు లెక్క వస్తుంది. టీ తాగే కాగితం కప్పు పెట్టండి, లేదా మందపాటి అట్ట. ముందు ఒక కన్ను, తర్వాత ఇంకోటి. రెండో కంటికి వచ్చేసరికి అక్షరాలు చూపించే వరుస మార్చండి, లేకపోతే విని గుర్తుపెట్టుకుని చెప్పేస్తారు, పిల్లలు మహా చురుకు. 6/9 వరుస ఏ కంటితో చదవలేకపోయినా డాక్టరు దగ్గరకు పంపాలి. మరీ చిన్నపిల్లలు అంతకంటే కొంచెం పెద్ద అక్షరం దగ్గర ఆగినా ఫర్వాలేదు, కానీ ఒక కంటికీ ఇంకో కంటికీ తేడా కనబడితే మాత్రం ఊరుకోవద్దు. ఒక కన్ను మూయగానే ఏడ్చి చేయి తోసేసే పిల్ల, ఇంకో కన్ను మూసినప్పుడు హాయిగా నిలబడితే, చార్టు అవసరం కూడా లేదు, ఆ తోసేయడంలోనే సంగతి ఉంది.

నర్సరీ టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు ఇంకో రెండు గమనించండి. ఒకటి మెల్లకన్ను. మెల్లకన్ను అదృష్టమని మన ఊళ్ళలో ఇప్పటికీ అంటారు, దిష్టి తీసి ఊరుకుంటారు. పక్కకు తిరిగిన కంటిని కూడా మెదడు పట్టించుకోవడం మానేస్తుంది, మా అమ్మాయికి పవర్ వల్ల జరిగిందే ఆ పిల్లకు మెల్ల వల్ల జరుగుతుంది. పుట్టుకతో శుక్లం ఉన్నా, రెప్ప కంటిపాప మీదకు వాలిపోయి ఉన్నా అంతే. రెండోది మరీ ముఖ్యం, ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే ఒక కంటిపాప ఎర్రగా, ఒకటి తెల్లగా పిల్లికన్నులా మెరిస్తే, ఆ వారంలోనే పెద్దాసుపత్రికి పంపించండి. అది శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరూ కావచ్చు. అది ఎక్కువగా ఐదేళ్ళలోపు పిల్లలకే వస్తుంది, తొందరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్ను కూడా దక్కుతుంది.

మా ఇంట్లో తర్వాత జరిగింది కూడా చెబుతాను, ఎందుకంటే వైద్యం సగం ఆసుపత్రిలో, సగం ఇంట్లోనూ బడిలోనూ. అద్దాలు ఇచ్చి, మంచి కన్ను మీద ప్యాచ్ అంటించమన్నారు. మంచి కన్ను మూసేస్తే పనికిరాని కన్నుకు పని తప్పదు, అదీ వైద్యం. ఏడేళ్ళు దాటితే లాభం లేదని పాత మాట ఒకటుంది, మా బంధువుల్లో ఒకాయన ఇంక డబ్బు దండగ అనేశారు కూడా. కానీ అమెరికాలో పిల్లల కంటి డాక్టర్లు కలిసి చేసిన పరిశోధనలో, 2005లో వచ్చింది అది, 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో కూడా చాలామందికి చూపు మెరుగుపడిందని మా డాక్టరు గారే చెప్పారు. చిన్నప్పుడైతే ఎక్కువ, తొందరగా వస్తుంది. మూడు నాలుగేళ్ళప్పుడు తెచ్చుంటే అని ఆయన అన్న మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మొదట రోజుకు రెండు గంటలు, తర్వాత నాలుగు గంటలు. ప్యాచ్ అంటించిన మొదటి రోజు అది గడప తట్టుకుని పడింది. ఊరికే కూర్చోబెట్టకుండా దగ్గరగా చూసే పనులు చేయించమన్నారు కదా, చేటలో బియ్యం పోసి ముందర పెట్టాను. నేనే నాలుగు నల్ల రాళ్ళు కలిపేదాన్ని. ఒళ్ళో చేట పెట్టుకుని, ముక్కు బియ్యానికి ఆనించి, వేలితో గింజ గింజా జరుపుతూ వెతికేది. రాయి అనుకుని వడ్లగింజ తీసేది, వడ్లగింజ అనుకుని ఖాళీ వేళ్ళు పైకెత్తేది. మొదటివారం నాలుగు రాళ్ళు తీయడానికి ముప్పావుగంట పట్టేది, మధ్యలో కోపం వచ్చి చేట తోసేసేది, ఒలికిన బియ్యం ఇద్దరం ఎత్తుకునేవాళ్ళం. సంక్రాంతికి చుక్కల ముగ్గు పుస్తకంలో వేయగలిగింది, ఒక చుక్క వదిలేసి ఇంకో చుక్కకు కలిపేది గానీ వేసింది. ఉగాది వెళ్ళాక ఒకరోజు పదిహేను నిమిషాల్లో నాలుగు రాళ్ళూ తీసి, ఐదోది కూడా తీసింది. ఐదోది నేను వేసింది కాదు.

ఈ వైద్యం మొదలవక ముందు నీళ్ళు గ్లాసులో పొయ్యమంటే గ్లాసు పక్కన పోసేది, బంతి విసిరితే చేతులు ఒకచోట, బంతి ఇంకోచోట. చూసుకోవేం అని ఎన్నిసార్లు తిట్టానో. ఒక్క కంటితో చూసేవాళ్ళకు దగ్గరి వస్తువు ఎంత దగ్గరో సరిగ్గా అందదని నాకేం తెలుసు. మీ క్లాసులో కూడా అలాంటి పిల్ల ఉంటే, వికృతంగా రాస్తుంది, ఆటల్లో పనికిరాదు అని అనేముందు ఒక్కసారి కన్ను మూసి చూడండి.

బడిలో ఏం జరిగిందంటే, ప్యాచ్‌తో వెళ్ళిన రెండో రోజే పిల్లలు ఒంటికన్ను రాక్షసి అన్నారు. పిల్లలు అంటారు, అది నేను అర్థం చేసుకోగలను. మూడో రోజు బడి వాళ్ళే ఫోన్ చేసి, మిగతా పిల్లలు భయపడుతున్నారు, ఇంటి దగ్గర పెట్టుకోండి, బడికి తీసేసి పంపండి అన్నారు. ఆ నెల రోజులూ వైద్యం ఆగిపోయింది, ఎందుకంటే బడి, ట్యూషన్ పోగా పగటి వెలుతురు మాకు మిగిలిందే తక్కువ. తర్వాత అదే బడిలో వాళ్ళ తెలుగు టీచరు తనంతట తానే క్లాసులో నిలబడి, దీని కన్ను వ్యాయామం చేస్తోంది, మీరు డ్రిల్లు పీరియడ్‌లో చేతులకు చేసినట్టే అని చెప్పారట. అందరినీ ఒక్కో కన్ను మూసుకుని బోర్డు చదవమన్నారట. ఆ ఒక్క పీరియడ్‌తో ఒంటికన్ను మాట పోయింది. ఇంకో విషయం, అలా మూసుకుని చదివినప్పుడు ఇంకో పిల్లాడు తనకు ఒక కంటితో కనబడట్లేదని చెప్పాడు. వాడికి ఇప్పుడు అద్దాలున్నాయి. ఆ టీచరమ్మ పేరు ఇక్కడ రాయకూడదని ఊరుకుంటున్నాను.

అద్దాల గురించి తల్లిదండ్రులు మిమ్మల్ని అడుగుతారు, అద్దాలు అలవాటైతే సైట్ ఇంకా పెరుగుతుందట కదా, ఆడపిల్లకు ఇప్పటి నుంచే కళ్ళజోడా అని. అద్దాల వల్ల సైట్ పెరగదని గట్టిగా చెప్పండి, మా మాట కంటే టీచరు మాటకే విలువ ఎక్కువ. పొన్నగంటి కూర, మునగాకు, బొప్పాయి మంచివే, విటమిన్ ఏ తక్కువైతే రేచీకటి వస్తుంది కాబట్టి అవి తినాల్సిందే, తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ళ వరకూ ఆరునెలలకోసారి వేసే విటమిన్ ఏ మందూ వేయించాల్సిందే, కానీ ఏ ఆకుకూరా పవర్ తగ్గించదు, మెల్ల సరిచేయదు. కళ్ళలో పసర్లు పోయవద్దని కూడా చెప్పండి. రేచీకటి ఉన్న పిల్లలు బాగా తింటున్నా తగ్గకపోతే అది రెటినా, అంటే కంటి లోపలి పొర జబ్బు కావచ్చు, మేనరికాలు ఎక్కువున్న కుటుంబాల్లో ఇది వస్తుంటుంది. ఇక ఆకులకు గోధుమరంగు వేసే పిల్లాడిని కొట్టకండి, మా ఆడపడుచు కొడుకు అలాగే దెబ్బలు తిన్నాడు, వాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదని పదో తరగతిలో బయటపడింది.

ఒక కన్ను పోతే ఏం, ఇంకోటి ఉందిగా అనేవాళ్ళున్నారు. రైల్వేలో లోకో పైలట్ ఉద్యోగానికి రెండు కళ్ళూ అద్దాలు లేకుండా 6/6 ఉండాలి. అలాగని వికలాంగుల కోటాలోకీ రారు, ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే ఇచ్చేది 30 శాతం వైకల్యమే, చట్టప్రకారం రిజర్వేషన్‌కు 40 కావాలి. పైగా ఉన్న ఆ ఒక్క కంటికి రేపు దెబ్బ తగిలితే, పెద్దయ్యాక షుగర్ వల్లో నీటికాసుల వల్లో దెబ్బతింటే, ఆ మనిషికి ఇంకేం మిగలదు.

హెడ్మాస్టర్లకు ఒక మాట. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం పెట్టిన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) పథకం 2013 నుంచి ఉంది, దాని ప్రకారం డాక్టర్ల బృందం బడికి ఏడాదికోసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు రావాలి. తెలంగాణలో 2018లో, ఆంధ్రాలో 2019లో కంటి వెలుగు పెట్టారు, ఆంధ్రాలో మొదట బడి పిల్లలకే మొదలైంది. అవన్నీ మంచి పనులు, మళ్ళీ మళ్ళీ జరగాలి. కానీ బృందం వచ్చేది ఏడాదికి ఒక పూట, ఆ పూట పిల్ల బడికి రాకపోతే అంతే. మీరు రోజూ ఉంటారు. బృందం వచ్చినప్పుడు పక్కన నిలబడి ఒక్కో కన్ను విడిగా మూయించి చూస్తున్నారా లేదా అని చూడండి, చూడకపోతే అడగండి. హెల్త్ కార్డులో నార్మల్ అన్న ఒక్క మాట బదులు కుడి కన్ను ఇంత, ఎడమ కన్ను ఇంత అని రాయించండి. పంపమన్న పిల్లలు నిజంగా ఆసుపత్రికి వెళ్ళారో లేదో దసరాలోపు ఒకసారి కనుక్కోండి.

మా అమ్మాయి ఎడమ కన్ను ఇప్పుడు అద్దాలతో 6/12 దగ్గర ఉంది. ప్యాచ్ గంట సేపే పెడుతున్నాం, నెమ్మదిగా ఆపేస్తామన్నారు. ఈ జూన్‌లో ఐదో తరగతికి వెళ్తుంది. మొన్న దాన్ని అడిగాను, ఇప్పుడు తోడు కన్ను ఏది అని. కాసేపు ఒకటి మూసి, ఇంకోటి మూసి చూసుకుని, "ఇప్పుడు రెండూ చూస్తున్నాయి, ఇది కొంచెం నెమ్మదిగా చూస్తుంది" అంది.

బళ్ళు తెరిచాక మొదటి రెండు శనివారాలు నేను ఖాళీ చేసుకున్నాను. మా మండలంలో ఏ బడివాళ్ళు పిలిచినా చార్టు, టేపు, కాగితం కప్పులు పట్టుకుని వస్తాను, మీరు పిల్లల్ని వరుసలో నిలబెడితే చాలు. ఒకటో తరగతి నుంచి మొదలుపెడదాం.

ఇట్లు,
ఒక అమ్మ
గుంటూరు జిల్లా